జాబితాకెక్కని చదువు: ఈటన్ పాఠశాలలో విద్యార్థి సంఘాలు

వసతి పాఠశాల పిల్లవాడి తరగతి గంటలతో ఆగిపోదు. అతని సాయంత్రాలు, ఆదివారాలు, భోజనపు బల్ల దగ్గరి కబుర్లు, దీపాలు ఆర్పే ముందరి గంట కూడా దాని అధీనంలోకే వస్తాయి. ఇంటి నుంచి వచ్చి సాయంత్రానికి ఇంటికి చేరే విద్యార్థి రోజులో ఆరేడు గంటలు బడికి ఇస్తే, వసతి విద్యార్థి రోజుకు రోజే బడికి ఇచ్చేస్తాడు. అందుచేత తరగతి ముగిశాక మిగిలే సమయాన్ని ఎవరు, దేనితో నింపుతారన్నది వసతి విద్యలో పాఠ్యప్రణాళికంత ముఖ్యమైన ప్రశ్న. ఆ సమయాన్ని మళ్లీ పాఠాలతోనే నింపవచ్చు, ఆటలతో నింపవచ్చు, ఊరకే వదిలేయనూ వచ్చు. లేదా పిల్లలే సంఘాలు పెట్టుకొని, వాటికి నియమాలు రాసుకొని, వాదించుకొని, పత్రికలు వెలువరించి దాన్ని తమ సొంతం చేసుకోవచ్చు. ఈ చివరి మార్గం ఎంత దూరం తీసుకెళ్లగలదో, ఎక్కడ దారి తప్పగలదో తెలుసుకోవడానికి ఇంగ్లండులోని ఈటన్ కళాశాల చరిత్రకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

పేరులో కళాశాల అని ఉన్నా ఈటన్ పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య బాలురు చదివే పాఠశాల. లండనుకు పడమరగా, థేమ్స్ నదికి ఒక ఒడ్డున విండ్సర్ రాజకోట, ఎదుటి ఒడ్డున ఈ పాఠశాల ఉంటాయి. 1440లో ఆరవ హెన్రీ రాజు డెబ్బై మంది పేద విద్యార్థులకు ఉచితంగా తిండి, వసతి, చదువు ఇవ్వడానికి దీన్ని స్థాపించాడు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జిలో తాను నెలకొల్పిన కింగ్స్ కళాశాలకు ఈ పిల్లలు పై చదువుకు వెళ్లాలన్నది ఆయన సంకల్పం. నేడు అక్కడ దాదాపు 1,300 మంది చదువుతున్నారు. ఇంగ్లండులో ఇటువంటి పాత బడులను ‘పబ్లిక్ స్కూల్’ అంటారు గనుక తెలుగు పాఠకుడు వాటిని సర్కారు బడులని పొరబడే అవకాశం ఉంది. నిజానికి అవి ఖరీదైన ప్రైవేటు బడులు. ఫలానా ఊరివారికే, ఫలానా వృత్తివారి పిల్లలకే అన్న నిబంధన లేకుండా, రుసుము కట్టగలిగిన ఎవరి బిడ్డనైనా చేర్చుకునేవి కావడం వల్ల ఆ పేరు వచ్చింది.

రాజు నియమించిన ఆ డెబ్బై స్థానాలు ఆరు శతాబ్దాలు కావస్తున్నా అలాగే ఉన్నాయి. కఠినమైన ప్రవేశ పరీక్షలో నెగ్గి వాటిలో చేరేవారిని కింగ్స్ స్కాలర్లు అంటారు. వారు పాఠశాల పాత భవనాల్లోనే కలిసి ఉంటారు, నల్లని గౌను వేసుకుంటారు. తక్కిన పిల్లలను ఆపిడన్లు అంటారు. లాటిన్‌లో పట్టణాన్ని సూచించే మాట నుంచి వచ్చిన పేరు ఇది. పూర్వం వీరు ఊళ్లో అద్దె గదుల్లో ఉండి చదువుకునేవారు. ఇప్పుడు ఆపిడన్లు ఇరవై నాలుగు వసతి గృహాల్లో, గృహానికి సుమారు యాభై మంది చొప్పున ఉంటారు. పొడవాటి హాలులో వరుసగా మంచాలు వేసే పద్ధతి ఇక్కడ లేదు; చేరిన తొలి రోజు నుంచే ప్రతి బాలుడికీ తనదైన గది ఉంటుంది. పైకి ఇది కేవలం సౌకర్యంగా కనిపించినా సంఘాల జీవితానికి ఇదే పునాది అనిపిస్తుంది, ఎందుకంటే తలుపు వేసుకొని ఒంటరిగా చదువుకోగల, రాసుకోగల చోటు ఉన్నవాడికే నలుగురి ముందుకు వచ్చి చెప్పడానికి ఏదో ఒకటి పోగవుతుంది.

నేటి ఈటన్‌లో విద్యార్థి సంఘాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. రాజకీయాలకు, సాహిత్యానికి, అర్థశాస్త్రానికి, విజ్ఞాన శాస్త్రాలకు, తత్త్వశాస్త్రానికి, భాషలకు వేర్వేరుగా ఏర్పడిన ఈ సంఘాలను నడిపేది పై తరగతి బాలురు. ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, సలహాకు ఒక ఉపాధ్యాయుడు: చాలా వరకు నిర్మాణం ఇంతే. ఎవరిని ఉపన్యాసానికి పిలవాలో బాలురే నిర్ణయించుకొని, మంత్రులకో శాస్త్రవేత్తలకో రచయితలకో తామే లేఖ రాసి, తేదీ కుదుర్చుకొని, వచ్చిన అతిథిని ఎదుర్కొని, సభకు పరిచయం చేసి, ప్రశ్నల వేళ సభను అదుపులో ఉంచి, చివరన కృతజ్ఞతలు చెప్పి సాగనంపుతారు. పదిహేడేళ్ల కుర్రవాడు ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషికి లేఖ రాసి, కాదన్న జవాబు వస్తే మరొకరికి రాసి, సభకు ఎందరు వస్తారోనన్న దిగులుతో కుర్చీలు లెక్కపెట్టుకునే ఈ పనికి మార్కులేమీ ఉండవు. అయినా సంఘం నుంచి దక్కే చదువులో అతిథి చేసిన ఉపన్యాసం కంటే ఆ లేఖలకూ ఆ దిగులుకూ ఎక్కువ వాటా ఉందనడం అతిశయోక్తి కాదు.

ఈ అలవాటు పాఠశాల యాజమాన్యం పెట్టినది కాదు; యాజమాన్యం ఇవ్వని దాన్ని బాలురు తామే సంపాదించుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం మొదట ఈటన్‌లో చదువంటే గ్రీకు, లాటిన్ పద్యాలను వల్లె వేయడం, అనువదించడం, ఆ భాషల్లో పద్యాలు కట్టడం. గణితానికి, విజ్ఞాన శాస్త్రానికి, ఇంగ్లీషు సాహిత్యానికి పాఠ్యప్రణాళికలో చెప్పుకోదగ్గ చోటు లేదు. 1809 నుంచి 1834 వరకు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న జాన్ కీట్ బెత్తానికి పేరుమోసినవాడు. ఒకే గదిలో నూటికి పైగా బాలురను కూర్చోబెట్టి పాఠం వప్పగించమని అడిగే ఆ పద్ధతిలో పిల్లవాడు తన అభిప్రాయం చెప్పే సందర్భం అంటూ ఉండేది కాదు. అలా నోరు కట్టేసిన చోట బాలురు మొదట కలం పట్టారు. 1786, 1787 సంవత్సరాల్లో జార్జ్ కానింగ్, అతని స్నేహితులు కలిసి ‘మైక్రోకాజమ్’ అనే వారపత్రికను నడిపారు. ఆ కానింగే 1827లో బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. అతని కుమారుడు చార్లెస్ కానింగ్ కూడా ఈటన్‌లోనే చదివి, 1858లో భారతదేశానికి తొలి వైస్రాయి అయ్యాడు.

కలం తర్వాత గొంతు వచ్చింది. 1811లో చార్లెస్ ఫాక్స్ టౌన్‌షెండ్ అనే విద్యార్థి ‘ఈటన్ సొసైటీ’ పేరుతో ఒక చర్చా సంఘాన్ని నెలకొల్పాడు. ఒక మిఠాయి దుకాణం పై అంతస్తు గదిలో ఈ సంఘం సమావేశమయ్యేది కాబట్టి, తినుబండారాల అంగడికి లాటిన్‌లో ఉన్న ‘పొపైనా’ అన్న మాటను కత్తిరించి బాలురు దాన్ని ‘పాప్’ అని పిలుచుకున్నారు. లాటిన్ కోసం దెబ్బలు తింటున్న పిల్లలే తమ సరదా సంఘానికి లాటిన్‌లో పేరు పెట్టుకోవడంలో ఒక ముచ్చట ఉంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ప్రసిద్ధ చర్చా సంఘం 1815లో, ఆక్స్‌ఫర్డ్‌ది 1823లో ఏర్పడ్డాయి; అంటే విశ్వవిద్యాలయాల కంటే ముందే ఒక పాఠశాల పిల్లలు ఈ పని మొదలుపెట్టారు.

పాప్ నియమాల్లో ఒకటి నేటికీ ఆలోచింపజేస్తుంది. గడచిన యాభై ఏళ్ల లోపు జరిగిన రాజకీయ సంఘటనల మీద చర్చ నిషిద్ధం. ఫ్రెంచి విప్లవం, నెపోలియన్ యుద్ధాలు ఐరోపాను కుదిపేసిన రోజులవి. పిల్లలు అప్పటి రాజకీయాలు మాట్లాడితే పెద్దలకు కంటగింపు కావచ్చన్న జంకు ఆ నియమం వెనుక ఉందని ఊహించడం కష్టం కాదు. అయితే నిషేధం బాలుర నోరు మూయించలేదు. ఒకటి రెండు శతాబ్దాల కిందటి రాజుల, మంత్రుల మంచిచెడ్డలను చర్చకు తెచ్చి, ఆ ముసుగులోనే రాజు అధికారం ఎంతవరకు, పార్లమెంటు హక్కు ఎంతవరకు అన్న సమకాలీన వివాదాన్ని వారు నడుపుకున్నారు. ఈ నియమం వల్ల అనుకోని మేలొకటి కూడా జరిగింది: ఆనాటి పత్రికలో చదివిన అభిప్రాయాన్ని తిరిగి వల్లించే వీలు లేక, ప్రతి వక్తా చరిత్ర గ్రంథాలు తిరగేసి తన వాదానికి ఆధారాలు తానే వెదుక్కోవలసి వచ్చింది.

ఈ సంఘంలో 1825 అక్టోబరులో విలియం గ్లాడ్‌స్టన్ తన తొలి ప్రసంగం చేశాడు. అప్పటికి అతనికి పదహారేళ్లు నిండలేదు. ఆ రోజు చర్చనీయాంశం, పేదలకు చదువు చెప్పించడం మొత్తం మీద మేలా, కాదా అన్నది. పేదలు చదువుకుంటే తమ స్థానం మరచి సమాజాన్ని తలకిందులు చేస్తారన్న భయం సంపన్న వర్గాల్లో బలంగా ఉన్న కాలంలో, లివర్‌పూల్ ధనిక వర్తకుడి కొడుకైన ఆ బాలుడు చదువు మేలు చేస్తుందనే పక్షాన మాట్లాడాడు. అదే గ్లాడ్‌స్టన్ 1868లో మొదటిసారి, మొత్తం మీద నాలుగుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రతి ప్రాంతంలోనూ ప్రాథమిక పాఠశాల ఉండేలా బాధ్యత తీసుకునే స్థానిక విద్యా మండళ్లకు చోటు కల్పించిన 1870 నాటి చట్టం అతని తొలి ప్రభుత్వ కాలంలోనే వచ్చింది. ఆ చట్టాన్ని రూపొందించి సభలో నడిపించినది డబ్ల్యు. ఇ. ఫార్‌స్టర్ అనే మంత్రి గనుక, మిఠాయి దుకాణం పై గదిలోని ప్రసంగమే నలభై అయిదేళ్లకు చట్టమైందని చెప్పడం సరికాదు. కానీ దేశాన్ని పాలించబోయే ఒక వ్యక్తి ఆ ప్రశ్నను ఎదుర్కొన్నది మంత్రివర్గ సమావేశంలోనో ఎన్నికల సభలోనో మొదటిసారి కాదు. మీసాలు రాని వయసులో, తన మాటను కొట్టిపారేయడానికి సిద్ధంగా ఉన్న తోటి పిల్లల ముందు అతను దాన్ని ఒకసారి ఆలోచించి ఉన్నాడు.

ఇక్కడ చర్చ అన్న మాటకు ఉన్న ప్రత్యేకార్థాన్ని కాస్త వివరించాలి. తెలుగు నాట పాఠశాలల్లో ఎక్కువగా జరిగేది వక్తృత్వ పోటీ. ఇచ్చిన అంశం మీద ఒక్కొక్కరు వచ్చి, చాలాసార్లు ముందే కంఠతా పట్టిన ప్రసంగాన్ని అప్పగించి వెళతారు. బ్రిటిష్ పార్లమెంటు పద్ధతి చర్చ స్వభావమే వేరు. ముందుగా ఒక తీర్మానం ఉంటుంది. దాన్ని ప్రతిపాదించే పక్షం, వ్యతిరేకించే పక్షం ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒకరి తర్వాత ఒకరుగా ఇరుపక్షాల వక్తలూ మాట్లాడతారు. విద్యార్థి పోటీల్లో విస్తృతంగా అనుసరించే పద్ధతిలో ఇద్దరేసి సభ్యుల జట్లు నాలుగు ఉంటాయి, అందులో రెండు అనుకూలంగా, రెండు ప్రతికూలంగా వాదించాలి. తీర్మానమేమిటో చర్చకు పదిహేను నిమిషాల ముందే తెలుస్తుంది. ఎవరు ఏ పక్షమో చీటీ తేలుస్తుంది తప్ప వక్త ఇష్టం కాదు. ప్రసంగం నడుస్తుండగా ఎదుటి పక్షం వారు లేచి ప్రశ్న వేయవచ్చు. దాన్ని స్వీకరించాలా, తోసిపుచ్చాలా అన్నది మాట్లాడుతున్నవారి ఇష్టం, కానీ ఒక్క ప్రశ్నకూ చోటివ్వని వక్తను న్యాయనిర్ణేతలు మెచ్చరు. ఈ పద్ధతిలో కంఠస్థం చేసినది పనికిరాదు. ఎదుటివాడు ఇప్పుడే అన్న మాటను విని, అందులో బలమైన అంశమేదో గుర్తించి, దానికి జవాబు చెప్పి, ఆ తర్వాతనే తన వాదాన్ని నిలబెట్టుకోవాలి. కాబట్టి చర్చలో సగం పని నోటిది, సగం చెవిది.

దీని మీద ఒక బలమైన ఆక్షేపణ కూడా ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. చీటీలో వచ్చిన పక్షాన్ని, అది ఏదైనా సరే, సమర్థించడం నేర్చిన పిల్లవాడు సత్యాసత్యాల పట్ల పట్టింపు లేని మాటకారిగా తయారవుతాడన్న భయం చాలా మంది విద్యావేత్తలకు ఉంది. ఒకే బడి నుంచి, ఒకే స్థాయి కుటుంబాల నుంచి వచ్చిన బాలురు తమలో తాము వాదించుకుంటే తాము చూడని లోకం గురించి కూడా ధీమాగా మాట్లాడే లక్షణం ముదురుతుందనే మాటలోనూ నిజముంది; ఒక్క స్త్రీ కూడా లేని సభలో స్త్రీల హక్కుల గురించి, ఒక్క కూలివాడి బిడ్డ కూడా లేని సభలో కూలిరేట్ల గురించి వాదన ఎంత చక్కగా సాగినా ఏదో వెలితి ఉండి తీరుతుంది. గ్లాడ్‌స్టన్ జీవితమే ఈ ఆక్షేపణకు కొంత ఊతం, కొంత సమాధానం. 1831లో ఆక్స్‌ఫర్డ్ చర్చా సంఘంలో అతను ఓటు హక్కును విస్తరించే సంస్కరణ బిల్లును తీవ్రంగా ఖండిస్తూ మాట్లాడి పేరు తెచ్చుకున్నాడు. 1884లో గ్రామీణ శ్రామికులకు ఓటు హక్కు విస్తరించిన చట్టం వచ్చింది అతని ప్రభుత్వంలోనే. దీన్ని మాట మార్చడమని కొందరంటారు. ఎదుటి పక్షం వాదాన్ని చిన్ననాటి నుంచీ శ్రద్ధగా వినే అలవాటున్నవాడు ఒక నాటికి ఆ వాదానికి లొంగడం సహజమని, అది ఆ శిక్షణకు దక్కిన గౌరవమని భావించడమే సబబు.

పాప్ తర్వాతి చరిత్ర మాత్రం అంత సంతోషకరమైనది కాదు. కొత్త సభ్యులను పాత సభ్యులే ఎన్నుకునే పద్ధతి ఉండటంతో, పంతొమ్మిదో శతాబ్దం గడిచే కొద్దీ ఎన్నికకు వాదనా పటిమ కంటే ఆటల్లో పేరు, తోటివారిలో పలుకుబడి ముఖ్యమయ్యాయి. క్రమంగా చర్చలు తగ్గిపోయి, సంఘం పాఠశాలలో క్రమశిక్షణ చూసే పెద్ద విద్యార్థుల బృందంగా మారింది. సభ్యులు తమకు నచ్చిన రంగురంగుల వెయిస్టుకోటు వేసుకునే హక్కు, తోటి పిల్లలపై అధికారం అందరికీ గుర్తుండిపోయాయి. అది ఒకప్పుడు చర్చా సంఘమన్న సంగతి మరుగున పడింది. ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని బయట ఉంచాలో లోపలివారే తేల్చుకునే ఏ సంఘానికైనా ఈ ప్రమాదం ఉంది. చెప్పుకోదగ్గ విషయమేమిటంటే, పాప్‌లో చర్చ ఆరిపోయినా ఈటన్‌లో ఆరిపోలేదు; అది ఎవరైనా వచ్చి కూర్చోగల వేరే సంఘాల్లోకి తరలింది.

అలాంటి వాటిలో సాహిత్య సంఘం ఒకటి. 1870లలో ఈటన్‌లో చదివి, పాఠశాల బహుమతులను ఒకదాని వెంట ఒకటిగా గెలుచుకున్న జార్జ్ కర్జన్ ఈ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, అప్పటికే ఒకసారి ప్రధానమంత్రిగా పనిచేసిన గ్లాడ్‌స్టన్‌ను పిలిపించి గ్రీకు మహాకవి హోమర్ మీద ఉపన్యాసం ఇప్పించాడు. ఒకప్పుడు ఈ బడిలోనే నోరు విప్పడం నేర్చిన వృద్ధుడు తిరిగి వచ్చి పిల్లల ముందు నిలబడటం, ఆ సభకు అధ్యక్షత వహించిన బాలుడు సుమారు ఇరవై ఏళ్లకు భారతదేశపు వైస్రాయిగా నియమితుడు కావడం, ఆ వైస్రాయి 1905లో బెంగాల్‌ను రెండుగా చీల్చడం కలిపి చూస్తే, ఈ బడి సాయంకాలపు గోష్ఠుల ప్రభావం మన దేశం దాకా ఎలా వచ్చిందో తెలుస్తుంది. 1800లో రాయలసీమ ప్రాంతాన్ని నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోకి తెచ్చిన గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లస్లీ సైతం ఈటన్ విద్యార్థే. ఆయన సమాధి ఆ పాఠశాల ప్రార్థనా మందిరంలోనే ఉంది.

1931 అక్టోబరులో ఈ కథ మరో మలుపు తిరిగింది. రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చిన గాంధీజీ ఈటన్‌కు వెళ్లి అక్కడి బాలురతో మాట్లాడారు. ఆ ఏడాది మార్చిలో ఆయనతో ఒడంబడిక కుదుర్చుకున్న అప్పటి వైస్రాయి లార్డ్ ఇర్విన్ ఈటన్‌లో చదివినవాడే. ఆ తర్వాత వైస్రాయిగా వచ్చిన లార్డ్ విల్లింగ్డన్ కూడా ఈటన్‌లో చదివినవాడే. తన ఎదుట కూర్చున్న వారెవరో గాంధీజీకి బాగా తెలుసు. మీలో కొందరు రేపు ప్రధానమంత్రులు, సేనానులు అవుతారనీ, మీ స్వభావం ఇంకా రూపుదిద్దుకుంటున్న ఈ దశలోనే మీ హృదయాల్లో చోటు కోరుతున్నాననీ అర్థం వచ్చేలా ఆయన వారితో మాట్లాడారు. బ్రిటిష్ సామ్రాజ్యాన్ని ప్రశ్నిస్తున్న వ్యక్తిని ఆ సామ్రాజ్య పాలకులను తయారుచేసే బడి పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టుకొని వినడం, ఆయనను ప్రశ్నించడం సామాన్య విషయం కాదు. రెండున్నర నెలలు తిరగకుండానే, 1932 జనవరిలో, విల్లింగ్డన్ ప్రభుత్వం గాంధీజీని జైల్లో పెట్టింది. వినడం నేర్పే సభలకు ఉన్న శక్తి, దాని హద్దు రెండూ ఈ కొద్ది నెలల వ్యవధిలోనే కనిపిస్తాయి.

ఈటన్ నమూనా ఇంగ్లండు దాటి మన దేశానికీ వచ్చింది. రాజకుమారుల కోసం 1875లో అజ్మీరులో నెలకొల్పిన మేయో కళాశాలను భారతదేశపు ఈటన్ అనేవారు. హైదరాబాద్ బేగంపేటలో 1923లో నిజాం రాజ్యపు జాగీర్దార్ల కొడుకుల కోసం ఈటన్ తరహాలోనే జాగీర్దార్ కళాశాల ఏర్పడింది. జాగీర్ల రద్దు తర్వాత, 1951లో, అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారి ఇతరుల పిల్లలకూ తలుపులు తెరిచింది. వందల ఊళ్ల మీద హక్కులున్న కుటుంబాల పిల్లల కోసం కట్టిన ఆ భవనంలోనే తర్వాతి కాలంలో ఒక ఐఏఎస్ అధికారి కొడుకైన సత్య నాదెళ్ల చదువుకున్నారు. మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యాక ఆయన తన పుస్తకంలో ఆ బడిని తలచుకున్నప్పుడు చెప్పింది మార్కుల గురించి కాదు, క్రికెట్ మైదానంలో జట్టును నడపడం గురించి నేర్చుకున్న పాఠాలు.

మార్కుల సంగతికి వస్తే, ఈటన్ వాటిని తక్కువగా చూసే బడి కాదు. ఏడాదిని మూడు భాగాలు చేసి, భాగం మూడోదైనా సరే దాన్ని ‘హాఫ్’ అనే పిలుచుకునే ఈ పాఠశాలలో ‘ట్రయల్స్’ పేరుతో అంతర్గత పరీక్షలుంటాయి. గ్రీకు, లాటిన్, మతగ్రంథాల్లో ప్రతిభకు 1829లో మొదలైన న్యూకాసిల్ స్కాలర్‌షిప్‌ను పాఠశాల అత్యున్నత పురస్కారంగా ఒకప్పుడు భావించేవారు. 1861లో ప్రభుత్వం నియమించిన క్లారెండన్ సంఘం ఈటన్‌తో సహా తొమ్మిది ప్రసిద్ధ పాఠశాలలను పరిశీలించి, 1864లో ఇచ్చిన నివేదికలో ప్రాచీన భాషల మోజులో ఇతర శాస్త్రాలను నిర్లక్ష్యం చేశారని తప్పుపట్టాక, గణితం, విజ్ఞానం, ఆధునిక భాషలు పాఠాల్లో స్థిరపడ్డాయి. పదహారేళ్లకు జీసీఎస్ఈ, పద్దెనిమిదేళ్లకు మూడు నాలుగు విషయాల్లో ‘ఎ లెవెల్’ అనే దేశవ్యాప్త పరీక్షలు నేటి ఫలితాలకు కొలమానం. విశ్వవిద్యాలయ ప్రవేశం వాటి మీదే ఆధారపడుతుంది. ప్రవేశ పరీక్షతో ఏరి తెచ్చుకున్న పిల్లలు, చిన్న తరగతులు, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు ఉన్నప్పుడు ఆ ఫలితాలు బాగుండటంలో ఆశ్చర్యం లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు ప్రభుత్వ బడుల పిల్లలకు దారి విశాలం చేయడంతో, అక్కడి నుంచి 2014లో 99 మంది ఈటన్ విద్యార్థులకు పిలుపు రాగా 2021లో ఆ సంఖ్య 48కి తగ్గింది. పిల్లల తెలివి ఏడేళ్లలో సగానికి పడిపోలేదు. కొలిచే వారి చూపు మారింది.

పరీక్షలో, చర్చలో సమానంగా రాణించిన వారూ లేకపోలేదు. ఆధునిక అర్థశాస్త్రానికి దారి చూపిన జాన్ మేనార్డ్ కీన్స్ 1897లో కింగ్స్ స్కాలర్‌గా చేరి, గణితంలో బహుమతులు గెలుస్తూనే సాహిత్య సంఘంలో మధ్యయుగపు లాటిన్ కవి ఒకరి మీద పత్రం చదివాడు. కానీ మార్కుల జాబితా తప్పుగా తేల్చిన బాలుడి కథే ఎక్కువ గుర్తుంచుకోదగ్గది. 1949లో జాన్ గర్డన్ అనే పదిహేనేళ్ల బాలుడు జీవశాస్త్రంలో 250 మందిలో అట్టడుగున నిలిచాడు. శాస్త్రవేత్త కావాలన్న అతని ఆలోచన హాస్యాస్పదమని, అది అతనికీ బోధించేవారికీ కాలహరణమని ఉపాధ్యాయుడు నివేదికలో రాశాడు. విజ్ఞాన శాస్త్రం మాన్పించి అతన్ని ప్రాచీన భాషల వైపు పంపారు. తరగతి బయట గొంగళి పురుగులను పెంచి సీతాకోకచిలుకలుగా మారడాన్ని గమనించే అలవాటు మాత్రం అతన్ని వదల్లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో జంతుశాస్త్రానికి మారి, కప్ప కణాల కేంద్రకాలతో చేసిన ప్రయోగాల ద్వారా పెరిగిన కణాన్ని సైతం తొలి దశకు తిప్పవచ్చని చూపినందుకు ఆయనకు 2012లో షిన్యా యమనాకాతో కలిపి నోబెల్ బహుమతి లభించింది. ఆ నివేదికను ఆయన చట్రం కట్టించి తన పని బల్ల దగ్గర ఉంచుకున్నాడు.

ఇంత చెప్పాక డబ్బు ప్రస్తావన తేకపోతే చిత్రం అబద్ధమవుతుంది. ఈటన్ వార్షిక రుసుము 50 వేల పౌండ్లను దాటింది. అంటే మన రూపాయల్లో అర కోటికి పైమాటే. బ్రిటన్ ప్రధానమంత్రుల్లో బోరిస్ జాన్సన్ వరకు ఇరవై మంది ఒకే బడి నుంచి రావడానికి చర్చా సంఘాలు కారణమని చెప్పి ఊరుకోలేం. ఆ కుటుంబాల సంపద, పరిచయాలు, పలుకుబడి అంతకంటే పెద్ద కారణాలు. పేద పిల్లల కోసం రాజు పెట్టిన బడి ధనికుల బడిగా మారిపోయిన తీరు విద్యా చరిత్రలో బాధాకరమైన అధ్యాయం. ఆరవ హెన్రీ తొలి సంకల్పానికి దగ్గరగా ఉన్నదేదో వెదకాలంటే తెలుగు పాఠకుడు థేమ్స్ ఒడ్డుకు పోనవసరం లేదు, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల, పల్లెటూళ్ల పేద పిల్లలను పరీక్షతో ఎంపిక చేసి ఉచితంగా తిండి, వసతి, చదువు ఇవ్వడానికి పుట్టినదే. తెలుగు రాష్ట్రాల్లో ఆ తర్వాత వసతి విద్య చాలా విస్తరించింది కానీ, ముఖ్యంగా ఇంటర్మీడియట్ దశలో, స్టడీ అవర్ల మధ్య పిల్లలు తమంత తాము ఏదైనా నడుపుకునే సాయంత్రం దాదాపు మాయమైంది. సంఘం పెట్టుకోవడానికి 50 వేల పౌండ్లు అవసరం లేదు. ఒక గది, వారానికి ఒక సాయంత్రం, తప్పు మాట్లాడినా దండించని ఒక పెద్ద ఉంటే అది మొదలవుతుంది.

పేదల బడి ధనికుల బడిగా మారిన ఈ లోపం ఈటన్‌కు తెలియనిది కాదు. నేడు సుమారు వంద మంది బాలురు రుసుమేమీ కట్టకుండా అక్కడ చదువుతున్నారు. ప్రభుత్వ బడుల్లో చదివి, ఇంటి పరిస్థితులు బాగోకపోయినా ప్రతిభ చూపిన బాలురకు చివరి రెండేళ్ల చదువును పూర్తి ఉచితంగా అందించే పథకం ఒకటి ఉంది; దానికి రచయిత జార్జ్ ఆర్వెల్ పేరు పెట్టారు. ఎరిక్ బ్లెయిర్ అన్న అసలు పేరుతో 1917లో కింగ్స్ స్కాలర్‌గా చేరిన ఆర్వెల్, పాఠాల మీద శ్రద్ధ పెట్టకుండా చేతిరాత పత్రికలు నడుపుతూ, విద్యార్థి పత్రికలకు రాస్తూ, దొరికిన పుస్తకమల్లా చదువుతూ నాలుగున్నరేళ్లు గడిపి, విశ్వవిద్యాలయానికి పోకుండా బర్మా పోలీసు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. 1921లో అతను రాసిన పరీక్షలో 167 మందికి గాను అతని స్థానం 138.